కంటిన్యూ పెట్టాలా, ఇఫ్‌లోనే ఇమడ్చాలా?

హనుమకొండలో కోడ్ రాసుకునే ఇద్దరి వాదన ఇది. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి లాట్లను ఒక్కొక్కటిగా చూస్తూ తిరిగే లూప్, అంటే ఒకే పనిని ప్రతి లాట్‌కూ మళ్లీ చేసే కోడ్. తేమ 12 శాతం దాటితే సీసీఐ (పత్తి కొనే ప్రభుత్వ సంస్థ) కొనదు కాబట్టి ఆ లాట్‌ను దాటేసి తర్వాతి దానికి పోవాలి. కింది లైన్లు వదిలేసి తర్వాతి చుట్టుకు పొమ్మనేది కంటిన్యూ; షరతు సరిపోతేనే లోపలి పని చేయమనేది ఇఫ్. నేను తమ్ముడి పక్షమే, ముందే చెప్తున్నా.

అన్న: మళ్లీ కంటిన్యూ పెట్టినవా? లూప్ మధ్యలోంచి దూకుడేంది? అది గోటూకు చుట్టమే. 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా గోటూ హానికరమని ఊరికే రాశాడా?

తమ్ముడు: గోటూ ఎక్కడికైనా దూకుతుందన్నా, ఎటు పోయిందో వెతుక్కోవాలి. కంటిన్యూ పోయేది ఒక్కచోటికే, అదే లూప్ తర్వాతి చుట్టుకు. నువ్వు రాసింది చూడు: తేమ సరిపోతే, అందులో తూకం సున్నా కాకపోతే, అందులో రైతు ఖాతా నంబర్ ఉంటే, అప్పుడు గానీ డబ్బు లెక్క మొదలు కాదు, ఏ బ్రాకెట్ ఎక్కడ మూసుకుందో స్క్రీన్ మీద వేలు పెట్టి చూసుకోవాలి. నేనైతే పనికిరాని లాట్లను లూప్ మొదట్లోనే వదిలించుకుంటా, ఇక కింద ఉన్నదంతా అసలు పనే. రూబీలో, పర్ల్‌లో నెక్స్ట్, ఫోర్ట్రాన్ 90లో సైకిల్, పేరేదైనా అందరికీ ఈ అవసరం పడింది.

అన్న: మరి వైల్ లూప్ సంగతి? ఎన్నో లాటో చెప్పే ఐ ఉంది కదా, దాన్ని మనమే పెంచాలి; ఆ లైను కింద, నీ కంటిన్యూ పైన. తడి లాట్ రాగానే ఐ పెరగదు, అదే లాట్ మీద తిరుగుతూనే ఉంటుంది.

తమ్ముడు: నిజమే, వైల్‌లో జాగ్రత్త కావాలి. సీ, జావా ఫర్ లూప్‌లో ఆ భయం లేదు, కంటిన్యూ నేరుగా ఐ పెంచే దగ్గరికే పోతుంది.

అన్న: జావాస్క్రిప్ట్ ఫర్‌ఈచ్‌లో అయితే కంటిన్యూ రాస్తే ఎర్రరే.

తమ్ముడు: అక్కడ లోపల ఉన్నది ప్రతి లాట్‌కూ విడిగా నడిచే ఫంక్షన్, దాన్ని అక్కడే ముగించే రిటర్న్ రాస్తే సరి.

అన్న: సరే. దాటేసిన లాట్ ఏమైందని రైతు అడిగితే ఏం చూపిస్తావు? ఇఫ్‌కు ఎల్స్ (షరతు సరిపోకపోతే నడిచే భాగం) ఉంటే, ఎందుకు వద్దన్నామో అక్కడ రాయబుద్ధవుతుంది. కంటిన్యూ చప్పుడు చేయకుండా పోతుంది.

(ఈ దెబ్బ గట్టిదే.)

తమ్ముడు: కంటిన్యూకు ముందు కారణం లాగ్‌లో రాయాలి, ఒప్పుకుంటా.

అన్న: అసలు 12.1 ఉన్న పత్తిని వదిలేయడమేంది? ఎండబెట్టి మళ్లీ తెస్తాడు.

తమ్ముడు: 8 దాటితే ధర కోత, 12 దాటితే కొనరు. నియమం సీసీఐది, నాది కాదు.

అన్న: ప్రైవేటు వ్యాపారి కొంటాడుగా! నీ లూప్ ప్రకారం ఆ పత్తి మార్కెట్‌కే రాలేదు. వచ్చిన సరుకు మొత్తం తప్పుతుంది.

తమ్ముడు: అయితే సరుకు కూడే లైను కంటిన్యూకు పైన పెడతా, సీసీఐ చెల్లింపు కింద ఉంటుంది.

అన్న: ఇఫ్‌తో రాసినా అట్లనే పైకి జరపొచ్చు తమ్మీ.

తమ్ముడు: జరుపు. మిగిలిన మూడు బ్రాకెట్లు కూడా నువ్వే మూయాలి.