నాలుగక్షరాల ఊరు, పదిహేడక్షరాల బోర్డు

రాజమండ్రికి పన్నెండేళ్లకోసారి పురిటినొప్పులొస్తాయి. 2003లో వచ్చాయి, 2015లో వచ్చాయి. 2027 కాన్పుకి ఇప్పటికే మంత్రసానులు ఎక్కువయ్యారు. గోదావరికి పుష్కరుడొస్తుంటే పాత ఊరితో ఎదురెళితే ఏం మర్యాద?

ముందు హేవ్‌లాక్ వంతెన సంగతి. 1900లో మొదలైన రైళ్లు 1997లో ఆగాయి. అప్పట్నుంచి దాని మీద ప్రతిపాదనలు నడుస్తున్నాయి. రైళ్లకి ఒకటే లైను కాబట్టి ఒకదాని వెనక ఒకటి వెళ్లేవి. ప్రతిపాదనలకి ఆ బాధ లేదు, ఎదురెదురుగా కూడా నడుస్తాయి. 2025 జూన్‌లో ఈ వంతెనని కూడా కలుపుకున్న 94.44 కోట్ల అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టుకి శంకుస్థాపన అయింది గనక ఇక చర్చ రంగు దగ్గరికొచ్చింది. ఇనప గడ్డరుకైతే ముందు తుప్పు గీకాలి, ప్రైమరు కొట్టాలి, ఆపైన రెండు కోట్లు వేయాలి. రూపాయలు కావు, పూతలు. గీకుడికి రిబ్బను కత్తిరించే వీల్లేదు కాబట్టి దాన్ని గురించి ఎవరూ వాదించరు.

ఫుట్‌పాత్ దిమ్మలదీ అదే జాతకం. ఎరుపా, పసుపా అని వారం రోజులు తగువు. కింద అంగుళమో అంగుళంన్నరో ఇసక పరిచి చదును చేయాలని, అంచుకి రాయి కట్టాలని ఎవడికీ పట్టదు. అంచు లేకపోతే వానకి ఇసక కాలవలోకి జారుతుంది, దిమ్మ ఊగుతుంది, అడుగేస్తే బురద మోకాలిదాకా చిమ్ముతుంది. అప్పుడు ఆ రంగేదో ప్యాంటు మీద తీరిగ్గా చూసుకోవచ్చు.

అసలు రణరంగం పేరు. 2015లో ఊరు రాజమహేంద్రవరమైంది. రాజరాజనరేంద్రుడి గడ్డ, న్యాయమేనని కొందరు. నోరు తిరగదని కొందరు. చివరికి రాజీ కుదిరింది: అర్జీలో రాజమహేంద్రవరం, ఆటోలో రాజమండ్రి.

ఇందులో కరెంటు కోణం ఒకటుంది, పండితులు వదిలేశారు. ఊరు మారిందనడానికి ఈరోజుల్లో రుజువు 'ఐ లవ్' అని వెలిగే బోర్డు కదా. ఇంగ్లిషులో పాత పేరుకి 11 అక్షరాలు, కొత్తదానికి 17. ఒక్కో అక్షరం ఒక రేకు డబ్బా: ముందు యాక్రిలిక్ షీటు, లోపల ఎల్‌ఈడీలు, అడుగున వాటి అడాప్టరు. డబ్బాకి నీళ్లు పోయే కన్నం పెట్టకపోతే తొలకరికే అడాప్టరు మునిగి ఆ అక్షరం ఆరిపోతుంది. అంటే కొత్త పేరుతో ఆరడానికి ఆరు అక్షరాలు అదనం. పాతది మొదటి ఐదు మిగిలినా 'రాజా' అని గౌరవంగానే చదువుకోవచ్చు. కొత్తది అక్కడితో ఆగితే గోదావరి ఒడ్డున నిలబడి, విజయనగరం జిల్లా రాజాం మీద ప్రేమ ప్రకటిస్తుంటుంది.