బార్ మిత్స్వా అయిపోయాక పిల్లలు ఎక్కడికి పోతారు?

అమెరికా తెలుగు గ్రూపుల్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది: "యూదుల పిల్లల్ని చూడండి, ఎంత కలిసికట్టుగా ఉంటారో! మన పిల్లలకీ అలాంటిదొకటి పెట్టాలి." ఆ మాటతో పాటు ఒక ఫొటో కూడా వస్తుంది. ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే సెలవులకి బీబీవైఓ అనే యూదు టీనేజర్ల సంస్థ వాళ్ళు జరిపే పెద్ద కన్వెన్షన్‌లో తీసినది. వేలమంది టీనేజర్లు, లైట్లు, స్టేజీ. అది చూసి మనవాళ్ళు హాలు బుక్ చేసి, డీజేని పిలిచి, "యూత్ ప్రోగ్రాం" అని బ్యానర్ కడతారు. ఫొటోలో ఉన్నది ఆఖరి మెట్టు. కాపీ కొట్టాల్సింది కింది మెట్లని, ఆ మెట్లు ఎక్కడ విరుగుతున్నాయో కూడా చూసుకుని మరీ. యూదు సంఘాల్లోనే సగంమంది పెద్దలకి ఈ సంగతి పట్టదు. నా కోపమంతా ముందు వాళ్ళ మీదే.

అసలు ప్రమాదం పదమూడో ఏట. యూదుల పిల్లలు పెద్దల లెక్కలోకి వచ్చినట్టు గుర్తించే వేడుక అబ్బాయికి 13 ఏళ్ళకి, దాని పేరు బార్ మిత్స్వా. అమ్మాయికి బాత్ మిత్స్వా, సంప్రదాయాన్ని బట్టి 12కో 13కో. దానికి ముందు ఏడాది పాటు హీబ్రూ ట్యూషను, తన వంతుకి వచ్చిన తోరా (యూదుల పవిత్ర గ్రంథం) భాగాన్ని రాగంతో కంఠతా పట్టడం, ఒక చిన్న ప్రసంగం. బంధువులొస్తారు, భోజనాలు, కానుకలు. సోమవారం నుంచి ఆ పిల్లాడి క్యాలెండరులో సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) అనే మాటే ఉండదు. తప్పు పిల్లాడిది కాదు. ఏడాదంతా అందరూ వాడికి ఒక తేదీని చూపించి "అప్పటిదాకా ఓర్చుకో" అన్నారు. వాడు ఓర్చుకున్నాడు, తేదీ దాటింది, వెళ్ళిపోయాడు. పదిహేనో ఏట గుర్తొచ్చి "టీన్ నైట్ పెట్టాం, రా నాన్నా" అంటే వస్తాడా? ఈలోపు సాకర్ టీం, బ్యాండ్, రోబోటిక్స్ వాడి సాయంత్రాలన్నీ పంచేసుకుని ఉంటాయి.

పని చేసే పద్ధతి ఒకటే. వేడుకకి ముందే తర్వాతి మెట్టు ఎక్కించాలి. ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని నెలకోసారి పెద్ద టీనేజర్ల కార్యక్రమానికి ఓ గంట తీసుకెళ్ళాలి. వేడుక రోజున కానుకతో పాటు, పదో తరగతి చదివే పిల్లో పిల్లాడో తన చేత్తో రాసిన ఆహ్వానం ఇవ్వాలి. అందులో తేదీ, చోటు, ఎవరు కారులో ఎక్కించుకెళ్తారో ఉండాలి. ఆ తేదీ వేడుకైన నాలుగు వారాల లోపే పడాలి. యూదు మతగురువు రబ్బీగారి సంతకంతో వచ్చే ఉత్తరం తల్లిదండ్రులకి నచ్చుతుంది, పిల్లాడు మాత్రం చదవడు.

ఇక చాప్టర్, అంటే ఊరి స్థాయిలో ఉండే టీనేజర్ల బృందం, సంగతి. 1924లో నెబ్రాస్కాలోని ఒమాహాలో యూదు కుర్రాళ్ళు ఏజెడ్‌ఏ అని మొదలుపెట్టారు. 1944లో అమ్మాయిల విభాగం బీబీజీ వచ్చింది. రెండూ కలిపి నేటి బీబీవైఓ. వీళ్ళు మత శాఖతో పని లేకుండా అందరినీ చేర్చుకుంటారు. యూదు మతంలోని శాఖలవారీగా అయితే రిఫార్మ్ వాళ్ళకి ఎన్‌ఎఫ్‌టీవై (1939), కన్సర్వేటివ్ వాళ్ళకి యూఎస్‌వై (1951), ఆర్థొడాక్స్ వాళ్ళకి ఎన్‌సీఎస్‌వై (1954) అనే యువజన సంస్థలు మొదలయ్యాయి. పేర్లు వేరు, బడ్జెట్లు వేరు. బతికే చాప్టర్ మాత్రం ఎక్కడైనా ఒకేలా ఉంటుంది: పదిహేను నుంచి పాతికమంది, వాళ్ళే ఎన్నుకున్న బోర్డు, ఒకళ్ళిద్దరు పెద్దలు గది చివర్లో.

ఏజెడ్‌ఏ బోర్డులో అధ్యక్షుణ్ణి గదోల్ అంటారు. కార్యక్రమాలు ఒకరికి, కొత్తవాళ్ళని చేర్చే పని ఒకరికి, డబ్బు ఒకరికి. పదవులు కొద్ది నెలలకే చేతులు మారతాయి. ఆ మార్పు ఊరికే పెట్టింది కాదు. ఒక్కడి చేతిలో రెండేళ్ళు ఉంటే చాప్టర్ వాడి స్నేహితుల గుంపైపోతుంది. తొమ్మిదో తరగతి పిల్లలు గోడకి ఆనుకుని నిలబడి, మూడోసారికి రావడం మానేస్తారు. అయితే పదవి మారినప్పుడల్లా జ్ఞాపకం కూడా మాయమవుతుంది. ఏ హాలు ఎంతకి ఇచ్చారు, ఏ కేటరర్ ఆలస్యం చేశాడు, ఏ పిల్లకి నువ్వులు పడవు, అన్నీ మళ్ళీ మొదటికొస్తాయి. అందుకే దిగిపోయే బోర్డు, ఎక్కే బోర్డు కలిసి ఒక కార్యక్రమమైనా జంటగా నడపాలి. కాగితాలు అప్పగిస్తే సరిపోదు, ఎవరూ తెరవరు.

నా అసలు ఫిర్యాదు వింటారా? "పిల్లలే నడుపుతారు" అని బోర్డు మీద రాసుకున్న చోట్ల కూడా డబ్బు పెద్దల దగ్గరే ఉంటుంది. కోశాధికారి పదవి ఉన్న పదహారేళ్ళ పిల్లకి నలభై డాలర్ల పిజ్జా కొనాలన్నా ఇద్దరు పెద్దల అనుమతి కావాలి. ఆ పిల్ల తెలివైనదైతే రెండు నెలల్లో విషయం అర్థం చేసుకుంటుంది: ఇది నాటకం. చాప్టర్‌కి సెమిస్టర్‌కి ఇంత అని ముందే ఇచ్చేయండి. పరిమితి దాటితేనే అడగమనండి. నెలాఖరుకి రసీదులు చూడండి. వాళ్ళు డబ్బంతా అక్టోబర్‌లోనే తగలేస్తే నవంబర్, డిసెంబర్ పార్కులో ఫ్రిస్బీతో గడవనివ్వండి. మధ్యలో దూరి "పోనీలే" అని ఇంకో చెక్కు రాసే పెద్దమనిషే చాప్టర్‌ని చంపేది.

ఇప్పుడు షబ్బాతోన్. పిల్లలు శుక్రవారం నుంచి ఆదివారం దాకా కలిసి ఉండి, షబ్బాత్ (శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా యూదుల విశ్రాంతి దినం) కలిసి గడిపే వారాంతం. ఏడాది మొత్తంలో దీన్ని మించింది లేదు. పాడుచేయడానికీ దీన్ని మించింది లేదు, ఎందుకంటే గడియారం మన చేతిలో ఉండదు. షబ్బాత్ దీపాలు శుక్రవారం సూర్యాస్తమయానికి పద్దెనిమిది నిమిషాల ముందు వెలిగించాలి. న్యూయార్క్‌లో డిసెంబర్‌లో అయితే అది దాదాపు నాలుగుంపావు లోపే. బడి మూడింటికి వదిలితే గంటలో సామాను సర్దుకుని, ఊరు దాటి, స్నానం చేసి దిగాలా? అసాధ్యం. అందుకే చలికాలం షబ్బాతోన్ బడికి సెలవున్న శుక్రవారమే పెట్టుకోవాలి, లేదా హాలు బడికి పదిహేను నిమిషాల దూరంలో ఉండాలి. జూన్‌లో పెడితే తలనొప్పి తిరగబడుతుంది. శనివారం రాత్రి తొమ్మిదింపావు దాటితే గానీ షబ్బాత్ ముగియదు. మధ్యాహ్నం నుంచి ఆ పొడుగాటి ఖాళీలో ఏం చేయించాలో ఆలోచించకపోతే పిల్లలు తమ ఆలోచన తాము చేస్తారు. అది మీకు నచ్చకపోవచ్చు.

నియమం పాటించే పిల్లలు షబ్బాత్ రోజు రాయరు, కత్తిరించరు, ఫోను ముట్టరు, స్విచ్ వేయరు. ఇది తెలిసీ శనివారం మధ్యాహ్నం చర్చకి చార్ట్ పేపర్లు, మార్కర్లు పెట్టే మహానుభావులు ఉన్నారు. శనివారం ఆటలన్నీ కార్డులతో జరగాలి. గురువారం ప్రింట్ తీసి, గురువారమే కత్తిరించి, గ్రూపులవారీగా కవర్లలో పెట్టాలి. హాజరు పట్టిక బదులు పేర్ల బిళ్ళలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి మార్చుకుంటే సరిపోతుంది. బాత్రూముల్లో చుట్టల కాగితం చింపకూడదనేవాళ్ళ కోసం టిష్యూ పెట్టెలు పెట్టాలి. ఫ్రిజ్ తలుపు తీయగానే వెలిగే బల్బు మీద శుక్రవారమే దృష్టి పెట్టండి, లేకపోతే శనివారం పొద్దున పాలు లోపల, పిల్లలు బయట. హోటల్ అయితే ముందే అడగాల్సిన ప్రశ్న కార్డు తాళాల గురించి. ఆ తలుపు కార్డు చూపించి తెరవడం విద్యుత్ వాడటం కిందకే వస్తుంది. మామూలు తాళంచెవి ఇవ్వగలరా, లేదా తలుపు దగ్గర సిబ్బంది ఉంటారా అన్నది ఒప్పందంలోనే రాయించుకోవాలి.

భోజనం దగ్గర నా మాట ఖచ్చితం: వచ్చే పిల్లల్లో అందరికంటే కఠినంగా కోషర్ (యూదుల ఆహార నియమాలు, మాంసం, పాలు కలపకూడదన్నది వాటిలో ఒకటి) పాటించే ఇంటి స్థాయికి వంట ఉండాలి. మిగతావాళ్ళు అది హాయిగా తింటారు. తక్కువ స్థాయికి వండితే మాత్రం ఇద్దరు పిల్లలు మూలన కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా తెరవాలి, వాళ్ళు మళ్ళీ రారు. శుక్రవారం రాత్రి కోడి మాంసం అనుకుంటే నలభైమందికి యాభై పెద్ద ముక్కలు. తర్వాత మిఠాయిలో వెన్న, పాలు ఉండకూడదు. మాంసం, పాలు రెండింటికీ చెందని పార్వే సరుకే వాడాలి. భోజనానికి ముందు చెప్పే కిద్దూష్ ప్రార్థనకి ద్రాక్షరసం రెండు లీటర్లు చాలు, తలా ఒక గుక్కే కదా. హల్లా అనే షబ్బాత్ రొట్టెలు, కోయకుండా నిండుగా, బల్లకి రెండు చొప్పున.

అందరూ పడే గొయ్యి మాత్రం శనివారం మధ్యాహ్నం ఉంది. పన్నెండున్నరకి మాంసంతో చేసిన చోలెంట్, అంటే శుక్రవారం నుంచి సన్నని సెగ మీద ఉడికే కూర, వడ్డిస్తారు. డిసెంబర్‌లో షబ్బాత్ ఐదుంపావు, ఐదున్నరకల్లా ముగుస్తుంది. వెంటనే పిజ్జా వస్తుంది, పిల్లలు ఎగబడతారు. మాంసం తిన్నాక ఆరు గంటలు ఆగే ఇళ్ళ పిల్లలు మాత్రం ఆరున్నర, ఏడు దాకా చీజ్ ముట్టలేక చూస్తూ కూర్చుంటారు. మందు చాలా తేలిక. మధ్యాహ్నం చోలెంట్ చిక్కుళ్ళు, బార్లీ, బంగాళాదుంపలతో మాంసం లేకుండా చేయండి. రుచి తగ్గుతుందని వంటాయన గొణుగుతాడు. గొణగనివ్వండి.

షబ్బాత్‌ని సాగనంపే హవ్‌దాలాకి గిన్నెడు ద్రాక్షరసం, లవంగాలో దాల్చినచెక్కో, అల్లిన కొవ్వొత్తి కావాలి. దీపాలార్పి, భుజాల మీద చేతులేసుకుని పాడే పది నిమిషాలు. పిల్లలు ఏళ్ళ తర్వాత కూడా చెప్పుకునేది దీన్నే. అరవైమంది ఒకే వలయంలో నిలబడితే వెనక వరసకి కొవ్వొత్తి కనిపించదు, పాట అందదు, కబుర్లు మొదలవుతాయి. పదిహేనుమందికి ఒక కొవ్వొత్తి పెట్టండి. అల్లిన కొవ్వొత్తికి వత్తులు ఎక్కువ, మంట పెద్దది, మైనం ధారగా కారుతుంది. కింద అల్యూమినియం రేకు పరచాలి. పొగ అలారం ఉన్న తక్కువ ఎత్తు గదిలో వెలిగించొద్దు. ఆరుబయట చోటుంటే అన్నిటికన్నా మంచిది.

భద్రత గురించి రెండు ముక్కల్లో చెప్తాను, ఇందులో వాదన లేదు. ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోనూ తలుపేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, రబ్బీ అయినా సరే. నేపథ్య తనిఖీ లేనివాళ్ళు రాత్రి బసకి వద్దు. పదిమంది పిల్లలకి ఒక పెద్ద. మందులన్నీ ఒకరి దగ్గర, ఒక పుస్తకంలో రాసి. 2018 అక్టోబర్ 27న పిట్స్‌బర్గ్‌లోని ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్‌లో పదకొండుమందిని చంపేశాక గేటు, గార్డు, ముందస్తు నమోదు మామూలైపోయాయి. అవి కావాలి. కానీ తలుపు దగ్గర ఆ గార్డు ఒక్కడే ఉంటే, మొదటిసారి స్నేహితురాలితో వచ్చిన పిల్ల పేరు జాబితాలో లేక వెనక్కి తిరిగిపోతుంది. గార్డు పక్కన బోర్డు సభ్యులు ఒకరు, పేర్లు తెలిసినవాళ్ళు, మొదటి అరగంట నిలబడి తీరాలి.

పెద్ద ప్రయాణాలు, ఇజ్రాయెల్ వేసవి యాత్రలు, జేసీసీ మకాబీ అనే యూదు టీనేజర్ల ఆటల పోటీలు వద్దని కాదు. 1982లో మెంఫిస్‌లో మొదలైన ఆ ఆటల్లో నాకు నచ్చేది పతకాలు కాదు, వేరే ఊళ్ళ పిల్లలు స్థానిక కుటుంబాల ఇళ్ళలో దిగడం. దాతలకి మాత్రం ఇవన్నీ ఫొటోకి బాగుంటాయి కాబట్టి డబ్బంతా అటే పోతుంది. తిరిగొచ్చిన పిల్లకి సొంత ఊళ్ళో వచ్చే మంగళవారం వెళ్ళడానికి చోటు లేకపోతే ఆ ఉత్సాహం సెప్టెంబర్‌కల్లా ఆవిరే. యాత్రకిచ్చే ప్రతి వంద డాలర్లలో పది డాలర్లు ఆ ఊరి చాప్టర్‌కి కట్టబెట్టాలని షరతు పెట్టే దాత ఉంటే చేతులెత్తి దణ్ణం పెడతాను.

మన దేశంలో ఇదే అచ్చు దింపితే కుదరదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే యూదు సముదాయం కుటుంబాలు ఉన్నాయి. ఇంట్లో తెలుగే, సొంతంగా చిన్న సినగాగ్ ఉంది. ముంబైలో బెనే ఇజ్రాయెల్ అనే మరో యూదు సముదాయం వాళ్ళు ఉన్నారు, మసీదు బందర్ దగ్గరి షార్ హరహమీమ్ సినగాగ్‌ని 1796లో స్థాపించారు. చేబ్రోలు వైపు పిల్లలకి మొదటి అడ్డంకి శనివారమే, ఇక్కడ అది బడి రోజు. అమెరికాలో ఎస్‌ఏటీ పరీక్షకి మతకారణాల వల్ల ఆదివారం రాసే ఏర్పాటు ఉంది. ఇక్కడ యూనిట్ టెస్టుకి అలాంటి ఏర్పాటు ఎవరు అడుగుతారు? అందుకని శుక్రవారం సాయంత్రం రెండు గంటల భోజనం, పాటలు, శనివారం సాయంత్రం హవ్‌దాలా, ఈ రెండింటితోనే కార్యక్రమం అల్లుకోవాలి. బయటనుంచి వచ్చే వాలంటీర్లు పిల్లలకి హమ్మస్ చేయడం నేర్పి ఫొటో దిగి వెళ్తుంటారు. ముంబైలో ప్రవక్త ఎలియాహు పేరున చేసే మలీదా ఉండగా హమ్మస్ ఎందుకండీ? తడిపిన అటుకులు, కొబ్బరి కోరు, బెల్లం, పళ్ళు. పాతికమందికి కిలోన్నర అటుకులు, రెండు కొబ్బరికాయలు, ముప్పావు కిలో బెల్లం. అటుకుల్ని నానబెట్టొద్దు, నీళ్ళు చిలకరించి పది నిమిషాలు మూతపెడితే చాలు, లేకపోతే ముద్దైపోతుంది. కిద్దూష్‌కి ఎండుద్రాక్ష రాత్రంతా నానబెట్టి, రుబ్బి, వడకట్టిన షర్బత్. ఇది పదమూడేళ్ళ పిల్లలు అమ్మమ్మల్ని అడిగి తెలుసుకుని, తామే చేసి, తామే వడ్డించగల పని.

ఇంకొక్కటి, ఒమాహా అయినా ముంబై అయినా. మొదటిసారి వచ్చిన పిల్లకి మూడు రోజుల్లోపు ఫోను వెళ్ళాలి. చేయాల్సింది జీతం తీసుకునే పెద్దవాళ్ళు కాదు, ఆ రోజు ఆ పిల్ల పక్కన కూర్చున్న టీనేజరే. "బాగుందా?" అని అడిగితే "ఆఁ" అంటుంది, ఫోను పెట్టేస్తుంది. "వచ్చే ఆదివారం కుర్చీలు సర్దడానికి ఒక మనిషి తక్కువయ్యారు, నాలుగింటికి రాగలవా?" అని అడగాలి.