లండన్ శిల్పాల సంగతి సరే, అమరావతి మ్యూజియం చూశారా?

మళ్లీ మొదలైంది. బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి శిల్పాల ఫొటో ఎవరో పెట్టారు, కింద "దొంగలు! మావి మాకిచ్చేయండి" అని కామెంట్ల వరద. ఇచ్చేయాల్సిందే, కాదనను. కానీ ఆ కామెంట్లు పెట్టినవాళ్లలో అమరావతి మ్యూజియం గడప తొక్కినవాళ్లు ఎందరు? కార్తీక మాసంలో కృష్ణలో మునక, అమరేశ్వరుడి దర్శనం, రెండు సెల్ఫీలు, తిరుగు బస్సు. అదే ఊళ్లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, ఆ శిల్పాలన్నీ ఒకప్పుడు ఉన్న పెద్ద బౌద్ధ స్తూపం, మహాచైత్యం, దాని పునాది ఉంది. (శుక్రవారం మాత్రం వెళ్లకండి, మ్యూజియానికి సెలవు.)

పైగా పాపమంతా తెల్లవాళ్ల నెత్తినే రుద్దుతాం. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు ఆ స్తూపం దిబ్బ జనానికి ఇటుకలూ రాళ్లూ దొరికే చోటు, అంతే. చెక్కిన పలకలు గోడల్లోకి పోయాయి, కొన్ని సున్నం కోసం కాలిపోయాయి. 1816లో బ్రిటిష్ సర్వేయర్ మెకంజీ మనుషులు బొమ్మలు గీసుకోకపోతే కొన్నిటి రూపం కూడా మనకు మిగిలేది కాదు. 1845లో బ్రిటిష్ అధికారి ఇలియట్ తవ్వి మద్రాసు పంపినవి 1859లో లండన్‌కు ఓడెక్కాయి. అలాగని వాళ్లేదో మనల్ని ఉద్ధరించారని కాదు.

సరే, చెన్నై ఎగ్మోర్ మ్యూజియం మాటేమిటి? దానికి వీసా అక్కర్లేదుగా! బుద్ధుడి మీదికి వదిలిన నలగిరి ఏనుగు కథ చెక్కిన అమరావతి పలక అక్కడే ఉంది. ఒకే గుండ్రటి రాతిలో ఒక పక్క మదమెక్కిన ఏనుగు, హడలిపోతున్న వీధి, పైనుంచి తొంగిచూసే జనం. ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. దాని గురించి ఒక్క పోస్టూ కనపడదు.

లండన్‌లోని ఒక పలకకైతే రెండు వైపులా చెక్కడమే. ముందు చెక్కిన వైపు బుద్ధుడు లేడు, బోధి చెట్టు కింద ఖాళీ ఆసనం ఉంది. కొన్ని శతాబ్దాల తర్వాత అదే రాయిని తిప్పి, రెండో వైపు స్తూపాన్నే చెక్కారు, సింహాలతో, ప్రాకారంతో సహా. మహాచైత్యం ఎలా ఉండేదో ఊహించడానికి మనకున్న మంచి ఆధారాల్లో అదొకటి.

నేనడిగేది ఒక్కటే. లండన్‌లో, చెన్నైలో ఉన్న ముఖ్యమైన పలకలన్నిటికీ అసలు సైజులో నకళ్లు చేయించి అమరావతిలో పెట్టండి. ఏది స్తూపంలో ఎక్కడుండేదో, ఇప్పుడెక్కడుందో కింద తెలుగులో రాయండి, గుంటూరు నుంచి వచ్చిన స్కూలు పిల్లలకు అర్థమయ్యే తెలుగులో. అసలువి తిరిగొచ్చేదాకా ఆగక్కర్లేదు. నిధుల్లేవంటారా? రాజధానికి ఆ ఊరి పేరు పెట్టుకున్నప్పుడు ఆమాత్రం ఖర్చు పెట్టలేమా?