చెరువు నీళ్ళకి టెస్టులు, మనకి మాత్రం మాత్రలు

మొన్న భీమవరంలో మందుల షాపు దగ్గర నిలబడి ఉన్నానండి. నా ముందు ఓ కుర్రాడు, పాతికేళ్ళు కూడా ఉండవు. "అన్నా, పొద్దున లేవబుద్ధి కావట్లేదు, పుస్తకం పట్టబుద్ధి కావట్లేదు, ఏదన్నా మంచి విటమిన్ ఇవ్వు" అన్నాడు. షాపతను వెనక్కి తిరిగి కూడా చూడకుండా అరలోకి చెయ్యి పెట్టి డబ్బా తీశాడు. ఆరొందల యాభై. కుర్రాడు డబ్బులు కొట్టి వెళ్ళిపోయాడు. రెండు నిమిషాల బేరం. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే పోయినేడు అదే కౌంటర్ ముందు నిలబడింది నేనే.

నాకు నాలుగెకరాల రొయ్యల చెరువు ఉంది. రొయ్యలు తింటున్నాయో లేదో చూడ్డానికి నీళ్ళలో దించే చెక్ ట్రేలో మేత మిగిలిపోతోందనుకోండి, ఏం చేస్తాం? సీసాతో నీళ్ళు పట్టుకుని ల్యాబ్‌కి పరిగెడతాం. పీహెచ్ ఎంత, ఆల్కలినిటీ ఎంత, అమ్మోనియా ఉందా, మెగ్నీషియం సరిపోయిందా, అన్నీ చూసుకున్నాకే మినరల్ బస్తా విప్పుతాం. కిలోకి వంద తూగే చిన్న రొయ్యకి ఇంత మర్యాద! మన ఒంటికి వచ్చేసరికి పక్కింటాయన ఏది మింగుతున్నాడో అదే మనమూ మింగడం.

ముందు మా ఆవిడ సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. రెండేళ్ళపాటు మధ్యాహ్నం అయ్యేసరికి మంచం ఎక్కేసేది. మేడ మెట్లెక్కితే ఆయాసం. ఏ పనీ మొదలుపెట్టాలనిపించట్లేదనేది. "ఒళ్ళు బరువెక్కింది, బద్ధకం" అని చుట్టాల ముందు అన్నది నేనే. ఇంకోటి, బియ్యం డబ్బా దగ్గరికి వెళ్ళినప్పుడల్లా గుప్పెడు పచ్చి బియ్యం కొంగులో వేసుకుని నములుతూ ఉండేది. బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందంటారు కదా, "నీ పెళ్ళి అయిపోయిందిలే, ఎవరి పెళ్ళి తడపడానికి?" అని అందరం నవ్వేవాళ్ళం.

నర్సింగ్ చదివే మా మేనకోడలు సంక్రాంతికి వచ్చింది. అది నవ్వలేదు. "అత్తా, ఇలా వెలుతురులోకి రా" అని కింది రెప్ప లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. మర్నాడు రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.8. ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి. పచ్చి బియ్యం, మట్టి, బలపాలు తినాలనిపించడం ఐరన్ తక్కువైందనడానికి ఒక గుర్తట. రక్తం ఒక్కటే కాదు, మెదడులో డోపమైన్ తయారవడానికి కూడా ఐరన్ కావాలట. ఏ పనిమీదా మనసు పోకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. నేను దానికి బద్ధకమని పేరు పెట్టాను.

డాక్టరమ్మ వెంటనే మాత్ర రాసి పంపేయలేదు, అసలు ఎందుకు తగ్గిందో చూసింది. నెలసరి విపరీతంగా అవుతోందట. ఆ సంగతి ఒకే ఇంట్లో ఉంటున్న నాకు తెలియనే తెలియదు. దానికి వైద్యం చేస్తూ ఐరన్ మాత్రలు ఇచ్చింది. టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు, నిమ్మరసంతో వేసుకోమంది. మూడో నెలలో ఓ పొద్దున లేచి చూస్తే వాకిట్లో చుక్కల ముగ్గు. అంతకు ముందు రెండేళ్ళూ పనిమనిషి గీసే నాలుగు గీతలే. నేను ఆ ముగ్గు తొక్కకుండా గోడ పక్క నుంచి వెళ్ళి బండి తీశాను.

దేశంలో ఆడవాళ్ళు నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఎన్ని ఇళ్ళలో ఎంతమందిని బద్ధకస్తులు అంటున్నామో మరి.

ఇది చూశాక నాకు కొత్త తెలివి పుట్టింది. 2025లో అమెరికా సుంకాల దెబ్బకి రొయ్య రేటు పడింది, దానికి తోడు మా చెరువుకి రొయ్యల్ని చంపే తెల్లమచ్చ రోగం తగిలింది. మేత కొట్టు బాకీ అలాగే ఉండిపోయింది. రాత్రిళ్ళు నిద్ర లేదు, పగలు గట్టు మీదకి వెళ్ళబుద్ధి కాదు. నాక్కూడా ఏదో విటమిన్ తగ్గిందనుకుని డబ్బా కొన్నా. మొదటి వారం భలే హుషారు! మూత్రం కూడా పసుపు కలిపినట్టు వస్తుంటే మందు పనిచేస్తోందనుకున్నా. అది ఒంటికి అక్కర్లేని బీ2 బయటికి పోవడమట. ఆరొందల యాభైలో కొంత అలా పోయింది. మూడో వారానికి మళ్ళీ మంచం. పరీక్షలు చేయిస్తే బీ12, డీ, రక్తం, థైరాయిడ్ అన్నీ శుభ్రంగా ఉన్నాయి. డాక్టరుగారు రిపోర్టు పక్కన పెట్టి, "అప్పెంతండీ?" అని అడిగారు.

నిజం చెప్పొద్దూ, అక్కడే ఏడ్చాను. మేత కొట్టాయనతో మాట్లాడి వాయిదాలు పెట్టుకున్నాక నిద్ర పట్టింది. డబ్బాలో సగం మాత్రలు ఇంకా అలాగే ఉన్నాయి.

విటమిన్ డీజిల్ కాదండి, ఇంజనాయిల్. తక్కువైతే ఇంజను పట్టేస్తుంది, నిజమే. నిండుగా ఉన్నప్పుడు ఇంకో డబ్బా పోస్తే స్పీడ్ పెరగదు. ఈ మాట ఎక్కడో కాదు, మన ఊళ్ళో అందరికీ తెలిసి ఉండాలి. ఒంట్లో కణాలకి శక్తినిచ్చే ఏటీపీని 1929లో తోటి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి కండరాల్లోంచి పట్టుకున్న యల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టింది భీమవరంలోనే, 1895లో. తిన్నది ఒంటికి పట్టనివ్వని స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఆయన అన్నదమ్ములు పోయారు. ఆయన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్ అనే బీ విటమిన్‌ని తయారుచేసింది, అది స్ప్రూకీ పనికొచ్చింది. తక్కువున్నవాళ్ళకి అది ప్రాణం. అదే ఫోలిక్ యాసిడ్‌ని బీ12 తక్కువున్నవాళ్ళు తెలియక మింగుతూ పోతే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు పాడవుతూనే ఉంటాయి.

మా బాబాయ్ షుగరుకి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాడు. అరికాళ్ళు తిమ్మిరి, మతిమరుపు. వయసైపోయిందన్నారు అందరూ. తీరా చూస్తే బీ12 అడుగంటింది. ఆ మందుతో అలా తగ్గొచ్చట. ఇంజెక్షన్లు పడ్డాక మనిషి తేరుకున్నాడు. మా పక్క చెరువాయనది దీనికి తలకిందులు. వారానికొకటి వేసుకోమన్న 60,000 యూనిట్ల డీ మాత్ర "త్వరగా ఓపికొస్తుంది" అని రోజూ వేశాడు, రెండు నెలలు. వాంతులు, తీరని దాహం, రక్తంలో కాల్షియం పెరిగిపోయి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకున్నాడు.

తమ్ముడూ, ఇది నీ ఫోన్లోకి వస్తే, డబ్బా సీల్ ఇంకా తీయకపోతే వెనక్కి ఇచ్చెయ్. ఆ డబ్బులు రక్తపరీక్షకి పనికొస్తాయి. అందులో ఏమీ తేలకపోతే, నిద్ర ఎందుకు పట్టట్లేదో డాక్టరుకో ఇంట్లోవాళ్ళకో చెప్పు. ఎవరూ లేరనుకుంటే మా చెరువు గట్టు మీదకి రా, టీ ఇస్తా. ఐరన్ మాత్ర రాసి ఉంటే మాత్రం నిమ్మకాయ నీళ్ళే.