చచ్చి కూడా పింఛను తీసుకుంటున్న నా పంటికి

విజయనగరం

ఎడమ పైదవడ, ఆరో నంబరు దంతం గారికి,

మీరు పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. రూట్ కెనాల్ పేరుతో మూడు సిట్టింగుల్లో మీ నరం లాగేశారు, వేళ్లలోని కాలువలు కడిగారు, గుట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థం కూరి మూసేశారు. ఎక్స్‌రేలో మీ వేళ్లలో తెల్లటి గీతలు చూశాను. మరణ ధ్రువపత్రం అంటే అంతకన్నా ఏముంటుంది?

మా నాన్న రిటైరైన మాస్టారు. బతికే ఉన్నానని ఏటా కాగితం ఇస్తేనే ఆయనకి పింఛను. మీరేమో పోయాక కూడా తెల్లవారుజామున మూడింటికి ఠంచనుగా వచ్చి నొప్పి వసూలు చేసుకుంటున్నారు.

బొబ్బిలి నుంచి మేనత్త ఫోన్ చేసింది. "నరమే నేదన్నాక నొప్పేటిరా? లవంగం ఎట్టుకో." నరం లేదంటూనే లవంగం. కాదనలేక అదీ పెట్టాను, నాలుక మండింది.

మళ్లీ డాక్టరు దగ్గరికెళ్లాను. గంటస్తంభం మీదుగా ఆటోలో పోతుంటే దారిలో ఒక్క గతుకూ వదలకుండా లెక్కపెట్టారు మీరు. లోపల నరం లేకపోయినా వేరుని ఎముకకి పట్టి ఉంచే పొర బతికే ఉంటుందట, అది వాచిందట. అంటే పోయింది మీరు, ఏడుపు చుట్టాలది! మామూలుగా కొద్ది రోజుల్లో సర్దుకోవాలి, ఇన్నాళ్లుంటే వెతకాల్సిందే అన్నారు. పై దవడలో మీ జాతికి వేళ్లు మూడే అయినా కాలువలు చాలామందికి నాలుగట. ఆ నాలుగోది దొరక్కపోతే తిప్పలే. అదృష్టం, నాది దొరికిందట.

తర్వాత నీలం కాగితం పెట్టి "కొరకండి, పళ్లు నూరండి" అన్నారు. అద్దంలో చూపించారు. ఫిల్లింగ్ మీద ఒకేచోట, దిష్టిచుక్కలా, చిక్కటి నీలం మచ్చ. వెంట్రుకవాసి ఎత్తు. ఏది నమిలినా ముందు దెబ్బ మీకే. చచ్చినా తల దించలేదన్నమాట. బుర్రుమని రెండు నిమిషాలు అరగదీశారు. తగ్గకపోతే మళ్లీ తెరుస్తారట. ఆ మాట మీరూ విన్నారుగా?

మా పైడితల్లమ్మ జాతర, సిరిమాను మంగళవారం దగ్గరపడింది. ఇంట్లో జంతికలు వండారు, డబ్బా నా కళ్లెదుటే ఉంది. కుడివైపే నములుతున్నాను.

నిన్న రాత్రి మూడింటికి మీరు రాలేదు.

మూడుంపావుకి వచ్చారు.

ఇట్లు,
మీ యజమాని (అనుకుంటున్నాను)