ఫొటోగ్రాఫర్ గారూ, మా మీటింగులు చెడగొట్టకండి

విజయవాడ వ్యాపార సంప్రదాయానికి ముప్పు ముంచుకొస్తోంది. జీఎస్టీ వల్ల కాదు, ఆన్‌లైన్ అమ్మకాల వల్లా కాదు. కార్పొరేట్ ఈవెంట్లు మాత్రమే తీస్తామంటూ బెంజి సర్కిల్ చుట్టుపక్కల కొత్తగా తిరుగుతున్న ఫొటోగ్రాఫర్ల వల్ల. పెళ్లిళ్లకీ ఓణీల ఫంక్షన్లకీ వచ్చే మన పాత ఫొటోగ్రాఫర్‌తో ఏ గొడవా లేదు. ఆయన "సార్, ఇటు" అంటాడు. మనం ఇటు చూస్తాం. పని అయిపోతుంది.

అసలు బిజినెస్ మీట్ ఎలా జరగాలో కుర్రకారుకి తెలియక ఈ తంటా. బందరు రోడ్డులో ఏదో ఒక హోటల్ హాలు. ముందు జ్యోతి ప్రజ్వలన. కొవ్వొత్తి ఒకటి, దాన్ని పట్టుకునే చేతులు ఓ డజను. చెయ్యి అందనివాడు పక్కవాడి మోచెయ్యి పట్టుకుంటాడు. ఇంతలో కెమెరా సిద్ధంగా లేదని తెలిస్తే వెలిగిన వత్తి ఆర్పి మళ్లీ వెలిగిస్తాం. దీపం ఆర్పడం అశుభమని పెద్దలన్న మాట నిజమే. ఫొటో పడకపోవడం అంతకన్నా అశుభం.

తర్వాత సన్మానం. శాలువా కప్పడానికి అరనిమిషం చాలు, కప్పుతున్నట్టు నిలబడటానికే అయిదు నిమిషాలు పడుతుంది. సన్మానితుడు చేతులు జోడించి, శాలువా సగం భుజం మీద సగం గాల్లో ఉండగా, నవ్వు చెదరకుండా నిలబడాలి. వెనక నుంచి ఇంకెవరో తల దూరుస్తారు. ముందు వరసలో లేచిన సెల్‌ఫోన్ల వల్ల వెనకవాళ్లకి స్టేజీ కనపడదు. కనపడక్కర్లేదు కూడా, సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో వస్తుంది కదా.

ఇంత చక్కగా సాగుతున్న వ్యవస్థలోకి మా సంఘం కార్యదర్శి గారు కిందటి మీట్‌కి ఒక ప్రొఫెషనల్‌ని తీసుకొచ్చారు. ఆయన మొదటి నేరం, కార్యక్రమానికి గంట ముందే రావడం. మా ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వస్తారు, అది పదవికి తగ్గ మర్యాద. ఫొటో తీసేవాడు ముందు రావడమేమిటి? పైగా వచ్చీ రాగానే సీలింగు వంక చూశాడు. ఫ్లాష్‌ని మనిషి మొహాన కొట్టకుండా సీలింగు మీదికి కొట్టి వెలుగును కిందికి రప్పిస్తాడట. సీలింగు తెల్లగా ఉంటేనే అది పనికొస్తుందట, మెరూన్ రంగు ఉంటే మొహాలూ మెరూనే అవుతాయట. మా హాలు సీలింగు బంగారు రంగు. అందరం బంగారంలా మెరిసిపోతాం కదా అంటే, కామెర్లొచ్చినట్టుంటారు సార్ అన్నాడు.

మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయట. కెమెరా షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 50వ వంతో 100వ వంతో పెట్టకపోతే ఫొటోలో చారలు పడతాయట. ఇదంతా ఆయన మాకు తెలుగులోనే చెప్పాడు గానీ, స్టేజీ మీది ఊదారంగు లైట్లు కాసేపు తెల్లగా మార్చండి అనేసరికి డెకరేషన్ వాళ్లకి కోపం వచ్చింది. ఊదారంగు లేకపోతే అది ఈవెంటు అని ఎవరికి తెలుస్తుంది?

కెమెరాలో రెండు కార్డులు పెట్టుకుని ప్రతి ఫొటో రెండింటిలోనూ దాస్తాడు. ఒకటి పాడైనా రెండోది ఉంటుందట. మాకు ఆటోనగర్‌లో లారీకి స్టెప్నీ ఉండటం తెలుసు, ఫొటోకి ఉండటం ఇదే చూడటం. సరే, ఇవన్నీ భరించాం.

అసలు గొడవ నెట్‌వర్కింగ్ దగ్గర వచ్చింది. మన పద్ధతిలో ఇద్దరు వ్యాపారులు చేతులు కలిపి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఇద్దరూ కెమెరా వైపే చూస్తారు. చేతిలో ఉన్న చెయ్యి ఎవరిదో ఫొటో వచ్చాక తెలుసుకుంటాం. ఈయన మాత్రం దూరంగా నిలబడి, పొడుగాటి లెన్సు ఒకటి తగిలించుకుని, "నన్ను పట్టించుకోకండి సార్, మీ పాటికి మీరు మాట్లాడుకోండి" అన్నాడు.

మాట్లాడుకోవడమా! గుంటూరు నుంచి వచ్చిన మిర్చి ఎగుమతిదారు ఒకరు, మా ఊరి అట్టపెట్టెల తయారీదారు ఒకరు, ఏళ్లుగా ప్రతి మీటింగులో కలిసి ఫొటో దిగుతున్నవాళ్లు, చేతులు పట్టుకుని బిక్కమొహాలేశారు. ఎండ గురించి కాసేపు, వారధి మీద ట్రాఫిక్ గురించి కాసేపు అయ్యాక ఇక సరుకు లేదు. చివరికి మిర్చి ఆయనే తెగించి అడిగారు, "ఇంతకీ తమరిది ఏం వ్యాపారమండీ?" అని. తర్వాత జరిగింది చెప్పడానికే బాధగా ఉంది. కాఫీ తాగకుండా అరగంట మాట్లాడుకున్నారు. పెట్టె రేటు, దాని మందం, లారీ కిరాయి, అన్నీ. గ్రూప్ ఫొటోకి పిలిస్తే "ఒక్క నిమిషం" అన్నారు. మా సంఘం చరిత్రలో గ్రూప్ ఫొటో మనిషి కోసం ఆగడం అదే మొదలు.

రాత్రికి ఫొటోలు వచ్చాయి. తీసినవన్నీ ఇవ్వలేదు, ఏరి కొన్నే ఇచ్చాడు. వాటిలో మా అధ్యక్షులు ముఖ్య అతిథి ప్రసంగానికి ఆవలిస్తున్నది లేదు, ఆ మేరకు మంచివాడే. కానీ మొత్తం మీద స్టేజీ ఫొటోలు తక్కువ, జనం వింటున్నవీ నవ్వుతున్నవీ ఎక్కువ. మా సభ్యుల భుజాల మీద శాలువా సరిగ్గా కనిపించే ఫొటో ఒక్కటంటే ఒక్కటే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుందని డాక్యుమెంటుగా పంపాడు. సగంమందికి అది తెరవడం రాలేదు. వచ్చినవాళ్లు తమ మొహం దొరికేవరకు వెతికి, దొరికాక మూసేశారు. ఈ విషయంలో మాత్రం సంప్రదాయం చెక్కుచెదరలేదు.

ఇక బిల్లు. భోజనం ప్లేట్లకీ శాలువాలకీ ఫ్లెక్సీలకీ అడ్వాన్సు ముందే ఇచ్చాం, అవి అత్యవసరాలు. ఫొటోల లెక్క చివర్లో మిగిలినదాన్ని బట్టి చూస్తామన్నాం. ఆయన ఒప్పంద పత్రం తీశాడు. ఫొటోల మీద హక్కు మాదే కదా అని మా కోశాధికారి గద్దించారు. కాపీరైట్ చట్టం అదే చెబుతుంది, అది ప్రకాశం బ్యారేజీ ప్రారంభమైన 1957 నాటిదే. వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి ఫొటో తీయించుకున్నవాళ్లే దానికి తొలి హక్కుదారులు. 'డబ్బిచ్చి' అన్న చోట ఆయన వేలు పెట్టి చూపించాడు.

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. వచ్చేసారి పాత ఫొటోగ్రాఫర్‌నే పిలవాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. మిర్చి ఆయనా అట్టపెట్టెల ఆయనా రాలేదు, ఏదో లోడు వ్యవహారంలో ఉన్నారట. కొత్తాయన బిల్లు సంగతి తర్వాత చూద్దాం, ముందు శాలువా కప్పి ఘనంగా సత్కరిద్దామని నేనే ప్రతిపాదించాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సత్కారానికి ఫొటోలు ఎవరు తీయాలన్న దగ్గర చర్చ ఆగింది. ఆయన్నే తీసుకోమంటే బాగుంటుందా అని ఒకరు అన్నారు. పరిశీలిస్తున్నాం.