మానేశాడా, మాన్పించారా?

నాలుగేళ్లు విశాఖ గాజువాకలో ఒక లేబర్ కాంట్రాక్టరు దగ్గర జీతాల లెక్కలు చూశాను. ప్రతి నెలా ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) సైట్‌లో అందరి పేర్లు, పనిచేసిన రోజులు, జీతం ఎక్కించాలి. ఎవరికైనా సున్నా రోజులు పడితే పక్కన ఒక కారణం ఎంచుకోవాలి. అందులో 2 నంబరు ‘లెఫ్ట్ సర్వీస్’. అంటే మానేశాడు. 10 నంబరు ‘రిట్రెంచ్‌మెంట్’. అంటే తీసేశారు.

ఆ నాలుగేళ్లలో నేను 10 ఒక్కసారి కూడా నొక్కలేదు. ఆర్డర్లు తగ్గాయని ఒకే రోజు పద్దెనిమిది మంది గేట్ పాసులు వెనక్కి తీసుకున్న నెలలోనూ పద్దెనిమిది మందికీ 2 కొట్టాను. ఎవరో మెడ మీద కత్తి పెట్టి కొట్టించలేదు. నా ముందున్నాయన అలాగే కొట్టేవాడు, నాకూ అదే నేర్పాడు. అంతే.

ఆ పద్దెనిమిది మందిలో ఒక పెద్దాయన పీఎఫ్ కోసం ఆఫీసుకొచ్చి, కాగితం మీద పడిన కారణం చదివించుకుని, ‘నాను మానీలేదు బాబూ, రావద్దన్నారు గాబట్టి రాలేదు’ అన్నాడు. ‘ఏదైతే ఏముందిలే, డబ్బులొస్తాయి కదా’ అన్నాను. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

ఏదైతే ఏముంది అంటే, చాలా ఉంది. ఈఎస్‌ఐ చట్టం 1948 నాటిదైనా, పని పోయినవాడికి భృతి అన్నది 2005లోగానీ రాలేదు. రాజీవ్ గాంధీ పేరు మీద వచ్చిన ఆ పథకంలో మొదటి ఏడాది సగం జీతం, రెండో ఏడాది పావు జీతం ఇస్తారు. కానీ ఫ్యాక్టరీ మూతపడాలి, లేదా రిట్రెంచ్‌మెంట్ అయి ఉండాలి, లేదా మనిషి శాశ్వతంగా పనికి పనికిరాకుండా పోవాలి. నెల రోజుల నోటీసు, సర్వీసు ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం కూడా ఆ మాట మీదే ఆధారపడ్డాయి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో మరో పని నేర్చుకోమని ఇంకో పదిహేను రోజుల జీతం ఇవ్వాలని పెట్టారు. అదీ రిట్రెంచ్‌మెంట్ అయినవాడికే. ‘మానేసినవాడికి’ ఇవేవీ లేవు.

2018లో అటల్ పేరుతో ఈఎస్‌ఐలోనే ఇంకో భృతి పథకం వచ్చింది. అప్పట్లో పావు జీతం, కోవిడ్ ఏడాది 2020లో సగం చేశారు. తొంభై రోజులే, అదీ జీవితం మొత్తానికి ఒక్కసారే. 15 వేల జీతగాడికి సగం లెక్కన 22,500 వస్తుంది. దీనికి రెండేళ్ల సర్వీసు ఉండాలి, పని పోవడానికి ముందు ఆరు నెలల పీరియడ్‌లో 78 రోజులైనా కాంట్రిబ్యూషన్ కట్టి ఉండాలి. కాంట్రాక్టు మారినప్పుడల్లా ‘బ్రేక్’ ఇచ్చి, ఒక్కోసారి పాత ఈఎస్‌ఐ నంబరు అడక్కుండా కొత్త నంబరు తీసే మా లైన్లో ఆ రెండేళ్లు చూపించడమే పెద్ద తలనొప్పి.

మన భాష కూడా కాంట్రాక్టరు పక్షమే అనిపిస్తుంది నాకు. ‘మీ తమ్ముడేం చేస్తున్నాడు?’ అంటే ‘అక్కడ మానేశాడండీ’ అంటాం. తీసేశారని చెప్పుకోవడం నామోషీ, ఏదో తప్పు చేసుంటాడనుకుంటారని భయం. కిందటేడు నన్నూ రేపట్నుంచి వద్దన్నారు. ఇంటికి ఫోన్ చేసి అమ్మతో ‘మానేశానమ్మా’ అన్నాను.

నిరుద్యోగ భృతి అనగానే మనకి గుర్తొచ్చేది 2018లో డిగ్రీ, డిప్లొమా చదివినవాళ్లకిచ్చిన వెయ్యి రూపాయలు, 2024 ఎన్నికల్లో విన్న నెలకి 3,000 హామీ. అంటే ఇంకా ఉద్యోగం రానివాడే నిరుద్యోగి. నలభై ఐదేళ్ల వయసులో ఉద్యోగం పోయినవాడు ఏ లెక్కలోకీ రాడు.

అలా అని మనకి చేతకాదా? ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట బంద్, బోట్లన్నీ ఒడ్డునే. ఆ రోజులకి ఒకప్పుడు 4,000 ఇచ్చేవాళ్లు, 2019లో 10 వేలు చేశారు, 2025లో 20 వేలు. లిస్టులో పేరు రాలేదని గొడవలు అక్కడా ఉంటాయి. కానీ ‘నువ్వే వేట మానేశావు’ అని జాలరిని ఎవరూ అనరు. మరి గేటు దగ్గర ఆపేసిన హెల్పర్ ఒడ్డున కూర్చోలేదా?

‘ఊరికే డబ్బులిస్తే బద్ధకిస్తారు’ అనే అన్నలకి ఒక మాట. ఇది ఊరికే కాదు. 15 వేల జీతంలో వాడి వంతు 112 రూపాయల 50 పైసలు, యజమాని వంతు 487 రూపాయల 50 పైసలు నెలనెలా ఈఎస్‌ఐకి కడుతూనే ఉన్నారు. సగం జీతంతో మూడు నెలలు గాజువాకలో అద్దె కట్టి, పిల్లల్ని చదివించి, పైగా బద్ధకించగలిగితే ఆ టెక్నిక్ నాకూ నేర్పండి. ఆ డబ్బు ఇచ్చేది కాస్త టైమ్. నాలుగు గేట్లు తిరిగి, నాలుగు రేట్లు అడిగే టైమ్. అది లేనివాడు మొదట ఎంతంటే అంతకి ఒప్పుకుంటాడు. వాడు ఒప్పుకున్నాడని సూపర్‌వైజర్ లోపలున్నవాళ్లకి చెప్తాడు, ‘మీరు కాకపోతే బయట తక్కువకే చేసేవాళ్లున్నారు’ అని. పని పోనివాడి జీతానికి కూడా దెబ్బ తగిలేది అక్కడే.

ఆ పెద్దాయన ఈమధ్య షీలానగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కనిపించాడు. పన్నెండు గంటల డ్యూటీ, జీతం పాతదానికంటే తక్కువ. ఈఎస్‌ఐ లేదు. పని పోయినప్పుడు కూడా అందులోంచి డబ్బులు అడగొచ్చని అప్పుడు నాకు తెలీదని చెప్పాను.

‘ఆ కటింగు ఆస్పత్రికనుకున్నాం బాబూ’ అన్నాడు. ఇంతలో కారు హారన్ కొడితే గేటు తీయడానికి లేచాడు.